సాంచాలు ఆగని పొద్దు

నా దోస్తు నర్సయ్య పోయిన్నాడు ఏమైందో చెప్పమని నన్నడుగుతున్నవ్. నువ్వు గూడ ఆడనే ఉన్నవు గదా బిడ్డా, ముందుగాల నువ్వు చెప్పు. ఏం జూసినవ్?

"అందరు గ్రూపుల దండాలు వెట్టిండ్రు, తాతా."

దండాలు. అవ్, ఫోన్ల బొమ్మ దండాలు. నేను జూసింది వేరే, ఇను.

మన గల్లీల ఇంటింటికి సాంచాలు. గా మరమగ్గాల సప్పుడు మనకు ఊపిరి దీసుకున్నట్టే, ఉన్నదన్న సోయి గూడ ఉండది. ఆగితెనే తెలుస్తది. మా కాలంల ఒక కట్టుబాటు ఉండె. ఎవలన్న పోతే ముందుగాల ఆ ఇంటి సాంచ ఆగుతది. అది ఇని పక్కింటోడు ఆపుతడు, వాని పక్కోడు ఆపుతడు, గట్ల కొస ఇంటి దాక. శవం లేచే దాక ఒక్కడు గూడ మోటరు ఎయ్యకపోతుండె. మా అవ్వ పోయిన్నాడు నేను మార్కెట్ల ఉన్న... కాదు కాదు, మార్కెట్ నుంచి వచ్చి మూల మలిగిన. సప్పుడు లేదు. సంచి ఆడనే వారేసి ఉరికిన. నోటితోని ఎవ్వలు జెప్పలే. గప్పుడు చాయ్ పావలా, గది గూడ ఒక్కటి దీసుకొని ఇద్దరం తాగుతుంటిమి, నేను, నర్సయ్య. కూలి పెంచమని సమ్మె జేసినప్పుడు లాఠీ దెబ్బలు గూడ ఇద్దరం కలిసే తిన్నం. సేట్లకు ఎదురువడి సాంచాలు బందు వెట్టిచ్చినోళ్లం మేము.

ఇప్పుడు ఫోన్ల గల్లోళ్ల వాట్సాప్ గ్రూపు వచ్చింది. మంచిదే, నేను కాదంటలే. నల్లా ఎప్పుడొస్తది, కరెంటు ఎప్పుడు పోతది, చెత్త బండి ఏడున్నది, అన్ని అండ్లనే. మన కరీంనగర్ మస్తు ముందుకు పోయిందంటరు. నర్సయ్య పొద్దుగాల పాణం ఇడిసిండు, కొడుకు సత్యం గ్రూపుల వెట్టిండు. దండాల మీద దండాలు. సాంచ ఒక్కటి ఆగలే. నేనే ఈ కొసకున్న నాలుగిండ్లకు పోయి, మనిషి పోయిండు, జర బందు వెట్టుండ్రి అన్న. ఒకడేమన్నడు ఎర్కేనా? "గ్రూపుల మొక్కిన గదనే తాతా, సాయంత్రం మాల్ పంపాలె." ఇంకోడు, పక్కోడు ఆపితే నేను గూడ ఆపుత అన్నడు. పక్కోనిది గూడ గదే మాట.

ఇగ బాలవ్వ. నర్సయ్య చెల్లె, గల్లి ఆ కొసకు ఉంటది. ఫోన్ లేదు, సదువు రాదు. అన్నకు బాగలేదని ఆమెకెరుకే. ముందటి రోజు వచ్చి అంబలి తాపి పోయింది. ఆ పొద్దు మోకాళ్ల నొప్పితోని ఇంట్లనే కూసుండి, నూలు కండెలు సుట్టుకుంట, చెవులు గల్లీల వెట్టింది. సాంచాలు నడుస్తున్నయ్. అంటే అన్న బతికే ఉన్నడు. గదే ఆమె ధైర్యం.

ఈడ మేము ఆమె కోసం సూస్తున్నం. బాలవ్వ ఏదిరా అంటే సత్యం ఫోన్ జూపెట్టి, తెల్సింది పెద్దబాపు, వాళ్లింట్ల సదివినట్టు నీలం గీతలు వడ్డయ్ సూడు అన్నడు. గా గీతలు ఆమె కొడుకు ఫోన్ల వడ్డయ్. ఆ పిలగాడు హుజూరాబాద్ల దుకాన్ల పని చేస్తడు. గల్లీలున్నోళ్లు మా అవ్వకు చెప్పే ఉంటరనుకొని బస్సెక్కిండు. ఎవలన్న పోయి తోల్కరాండ్రి అని నేనంటే, తెల్సినంక రాకుంటదా, నడువలేక మెల్లగ వస్తుండొచ్చు అన్నరు. ఫోన్ల పిలిచిన శవం బండి వచ్చింది, డ్రైవర్ తొందర వెట్టిండు. ఎత్తినం.

ఆ పిలగాడు బస్సు దిగి ఇంటికొచ్చి, అవ్వా నువ్వు మామ కాడికి పోలేదా అనంగనే బాలవ్వ ఉరుక్కుంట వచ్చింది, చేతిల కండె చేతిల్నే ఉన్నది. అప్పటికే బండి మానేరు దిక్కు మలిగింది. నేను ఎనుక నడుస్తున్న. నా అంగి వట్టుకున్నది.

"అబద్ధం చెప్తున్నరు అన్నా. సాంచాలు నడుస్తున్నయ్ గదా, మా అన్న ఎట్ల పోతడు?"

గా సప్పుడుల ఆమె ఏడుపు గూడ సక్కగ ఇనరాలే.

సత్యం చెడ్డోడు కాదు. మల్ల గట్ల కావద్దని మేనత్తకు తన పాత ఫోన్ ఇచ్చి గ్రూపుల కలిపిండు. ఇగ అది టింగుమన్నప్పుడల్ల చేసే పని ఇడిసి, మోకాళ్లు వట్టుకుంట నా కాడికొస్తది. సూడు అన్నా, ఎవలు పోయిండ్రు అంటది. సూస్తే ఎవడో గులాబి పువ్వు వెట్టి గుడ్ మార్నింగ్ అన్నడు. ఎవ్వలు పోలే, ఇంటికి పో చెల్లె అంటే నమ్మది. నా మొఖం దిక్కు సూస్తది, గల్లి దిక్కు చెవి వెడ్తది. ఆడ సాంచాలు నడుస్తనే ఉంటయ్...

నువ్వు సల్లగుండాలె, సదువుకున్నదానివి. నాకు తెల్వకనే అడుగుతున్న బిడ్డా. ఇప్పుడామె ఏ సప్పుడును నమ్మాలె?