పోలమ్మ వొండిన పీతల పులుసు

ఎల్లాజీ అనీవోడు మడుగులో ములిగిపోయాడంట. మడుగంటే మన సెరువులాటిది కాదు. సముద్రం మద్దెన గవ్వలదిబ్బని ఓ దీవి ఉండీదంట, దాని పక్కన సముద్రం వంకీలాగ లోనకొచ్చి ఆగిపోతాది, అలలుండవు, దాన్ని ఆ దిబ్బోల్లు మడుగనీవోరు. ఆ దిబ్బ మీద ఇసక తప్ప ఏటీ పండదు. బియ్యం పెద్దొడ్డు నుంచి తెప్పల మీద రావాల. మిగతాదంతా మడుగే పెట్టాల. పోటు తగ్గి నీల్లు తీసినప్పుడు రాల్లు బయటపడతాయి కదా, రాతినిండా ఆలిసిప్పలు, సందుల్లో పీతలు, గుంటల్లో చిక్కడిపోయిన సేపపిల్లలు. ఆడోల్లు బుట్టలట్టుకుని ఎల్లి ఏరుకొచ్చీవోరు. ఆ మడుగులోన ఓ రోజు వల రాతికి పట్టీసిందంట. "ఉండండి, నాను ఇప్పుతాను" అని ఎల్లాజీ దూకాడు. దూకినోడు తేల్నేదు. మగోల్లందరూ దిగి ఎతికారు, వలలేసి ఎతికారు, మనిసి దొరకనేదు. ఏమైందంటే, నీల్లు తీసినాక ఆడి తలగుడ్డొకటి రాల్ల మద్దెన కనిపించింది. ఆడి పెల్లాం కాసులమ్మే ముందు సూసింది. ఎల్లి తీసిందా, దాన్నిండా పీతలంట. ఒక్కోటీ గీరుకుంటా కిందకి రాల్తన్నాయంట. ఆ పిల్ల గుడ్డ జాడించి బుజాన ఏసుకుని ఇంటికొచ్చీసింది. అప్పటికది కడుపుతో ఉంది.

పెద్దదినం అయ్యేదాకా దిబ్బ మీద ఎవులూ మడుగులోకి దిగనేదు. తరవాత దిగారు. దిగక ఏటి సేస్తారు, పిల్లలకేటి పెడతారు? కాసులమ్మ మాత్రం ముట్టనంది. ఆ పీతలూ ఆ సిప్పలూ నా మొగుణ్ని తిన్నాయి, ఇప్పుడు నాను ఆటిని తింతే ఎవుల్ని తిన్నట్టు అందంట. దాని అత్త పోలమ్మ, అంటే ఎల్లాజీ తల్లి, ఆ మాట ఇన్నాది. ఆవిడా ముట్టనేదు. ఇద్దరూ గంజి తాగి బతికీవోరనుకో. బియ్యం ఉన్నంతకాలం జరిగింది. ఆనాకాలం వచ్చి గాలి తిరగబడింది. బయట సముద్రం పోట్లగిత్తలాగుంది, తెప్పలు కదల్నేదు, బియ్యం రానేదు. ఇరుగు పొరుగోల్లు తలో గుప్పెడూ ఇచ్చారు, ఆల్లకీ అయిపోయాయి. కాసులమ్మ ఒడ్డునున్న ఆకూ అలమూ ఉడకబెట్టుకుని తినీది. కల్లు లోనకి పోయాయి, కాల్లు నీరు పట్టాయి. ఓ పొద్దుట అత్తతో అందంట, "అత్తా, నిన్నటేల నుంచీ బిడ్డ కదల్నేదు" అని. పోలమ్మ దాని కడుపు మీద సెయ్యేసింది. సేనాసేపు తియ్యనేదు. ఎక్కడో లోన చిన్న అదురు తగిలిందంట, అంతే.

అప్పుడా ముసిల్ది బుట్టట్టుకుని లేచింది. తిన్నగా ఎల్లి, కొడుకు తలగుడ్డ దొరికిన రాల్ల దగ్గరే కూకుందంట. మరో సోటికెల్లొచ్చు కదా అంతారు మీరు. ఎల్లొచ్చు. ఎల్లనేదు. సందుల్లో సెయ్యెట్టి పీతలు తీసింది, రాతికంటుకున్న సిప్పలు గీకింది. ఇంటికొచ్చి సింతపండేసి పులుసెట్టింది. కోడలు వాసన సూసి గోడ వేపు తిరిగి పడుకుంది. పోలమ్మ సట్టి తెచ్చి దాని పక్కనెట్టుకుని కూకుని, "లెగవే కాసులూ" అంది.

"నాను తిన్ను, అత్తా. సచ్చినా తిన్ను. ఆడందులో ఉన్నాడు."

"ఉంటే ఉన్నాడు. ఆడు నా కడుపులోంచొచ్చినోడే కదా. మల్లీ నా కడుపులోకే వత్తాడు. ఎవుల్దేటి పోయింది."

అని ఓ పీత కాలిరిచి, మాంసం తీసి నోట్లో ఏసుకుందంట. నమిలింది. మింగింది. కోడలు ఇటు తిరిగి సూస్తానే ఉంది. ఇంకో కాలిరిచి దానికిచ్చి, "ఆడి తల్లిని, నాను తిన్నాను. పాపముంటే ముందు నాకే తగుల్తాది. నువ్వు తిను. ఆడి బిడ్డకి ఆడు గాక ఇంకెవుడు పెడతాడే" అంది.

కాసులమ్మ తింది. తిని కక్కింది. పోలమ్మ మూతి కడిగి మల్లీ పెట్టింది. ఆ ఆనాకాలమంతా అలాగే, పీతలో సిప్పలో ఏది దొరికితే అది, ముందు తనోటి తినీది, అప్పుడు కోడలు తినీది. గాలి తగ్గింది, తెప్పలొచ్చాయి, బియ్యమొచ్చాయి. బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. బొమికల గూడులాగుందంట గానీ, బతికింది.

ఆ బియ్యమొచ్చిన రోజునుంచీ పోలమ్మ నీసు ముట్టనేదంట. పీత కాదు, సేప కాదు, ఎండుసేప ముక్క కూడా ముట్టనేదు. సచ్చీదాకా గంజీ ఉప్పే. కోడలికీ మనవరాలికీ తనే వొండి పెట్టీది, పెట్టి అటు తిరిగి కూకునీది. ఎందుకు తినవత్తా అని కాసులమ్మ అడగనేదంట. ఒక్కింట్లో అన్నాల్లున్నారు, ఒక్కరోజూ అడగనేదు.

ఇంతేనమ్మా. అత్త కోడల్ని ఏపుకు తినీ కతలు మీకు సేనా వచ్చు, ఇదీ అత్త కతే. మా అమ్మమ్మ ఈ కత సెప్పీటప్పుడు, మరా పులుసు బాగుందా అని అడిగాను నాను, చిన్నదాన్ని కదా. ఆవిడ నా వేపు సూసి, "ఆ ముసిల్ది ఉప్పెయ్యడం మర్సిపోయుంటాది" అంది.