ఎవరైనా మార్చుకోవచ్చట!

అటు తిరిగి కూర్చుంటే అయిపోతుందా అండీ? రేపు పొద్దున మీ మేనేజరుకి జవాబు చెప్పాల్సింది మీరు. ఆ గోడ కాదు.

ఇకమీదట ఆఫీసులు తిరిగి కాపీ మిషన్లు బాగుచెయ్యక్కర్లేదు, ఫోన్లెత్తే సీటులో కూర్చుంటారా, లేకపోతే మానేస్తారా. అంతేగా ఆయన అడిగింది? దానికి ఇన్నాళ్ళ మౌనవ్రతం దేనికి? తినడానికి నోరు తెరుస్తున్నారు, ఆవులించడానికి తెరుస్తున్నారు. నాతో మాట్లాడాలంటే మాత్రం తాళం పడిందా?

ముందా బ్యాగు వదలండి. ఆ స్క్రూడ్రైవర్లు తుడిచినవే తుడుస్తున్నారు. వాటికేం మకిలి పట్టింది గనక! మీ కంపెనీ తెచ్చిన ఆ కొత్త మిషన్‌కి విప్పడానికి స్క్రూలెక్కడున్నాయి? తలుపు తెరవడం, పాత డబ్బా లాగడం, కొత్తది తొయ్యడం. బీరువా తాళం తీసినంత సేపు కూడా పట్టదు.

ఎవరైనా మార్చుకోవచ్చట! మీ కంపెనీ కాగితం మీద బొమ్మ వేశారు చూశారా? తెల్లచొక్కా వేసుకున్న పిల్ల, పళ్ళన్నీ బయటపెట్టి, టోనర్ డబ్బాని ఒంటిచేత్తో పట్టుకుని. తెల్లచొక్కా! ఆ బొమ్మ తీసినవాడు జన్మలో ఆ నల్లపొడిని చూసి ఉండడు. మీ చొక్కాలు ఉతికిన చేతుల్తో చెప్తున్నా. పెళ్ళైన కొత్తలో ఒకదాన్ని వేణ్ణీళ్ళలో నానబెట్టానని ఎంత గోల చేశారు! "వేడి తగిలితే బట్టకే అతుక్కుంటుందే పిచ్చిమొహమా, చన్నీళ్ళు పొయ్యి, చన్నీళ్ళు!" అని.

మీ స్నేహితులు మాత్రం తక్కువా? పోయిన నెల మనింట్లోనే కదా సభ. నలుగురూ ఆ సోఫాలో ఇరుక్కుని, నేనిచ్చిన టీ తాగుతూ, ఆ మిషన్‌ని ఉతికి ఆరేశారు. బట్టతలాయన ఏమన్నాడు? "కోతికి కొబ్బరికాయ దొరికినట్టేనమ్మా. వారం తిరక్కుండా మన కాళ్ళబేరానికొస్తారు చూడు" అన్నాడు.

ఆ లాయరు ఆఫీసు కథ మళ్ళీ చెప్పించుకుని మరీ నవ్వారు. మిషన్ లోపల అచ్చు పడే ఆ గొట్టం, అదే డ్రమ్ము, దానిమీద మరకుందని గుమాస్తా దాన్ని కుళాయి కింద పెట్టి, సబ్బు రాసి కడిగి, కిటికీలో ఎండకి ఆరబెట్టాడు! పసిపిల్లాడికి నీళ్ళు పోసినట్టు! మీకు నవ్వాగక టీ ముక్కులోకి పోయింది. ఇంకొకావిడ ఖాళీ డబ్బానే మళ్ళీ లోపల పెట్టి, కొత్తది పాడవుతుందని బీరువాలో దాచింది. ఇంకెవరో వాడేసిన పొడిని ఫ్యాను కింద కుమ్మరించాడు. ఆఫీసంతా బొగ్గుగని.

మీసాలాయన ఒక్కడే అన్నాడు పాపం, "పోన్లెండి, ఎవడి పొడి వాడే పీల్చుకుంటాడు, నాకు దగ్గు తగ్గుతుంది" అని. అందరూ కలిసి ఆయన్ని పీక్కుతిన్నారు. "దగ్గుతో పాటు నీ జీతమూ తగ్గుతుంది, కంగారుపడకు" అన్నది తమరే కదూ? అంత నోరుంది మీకు.

మరి ఆ నోరు మీ కంపెనీ మీటింగులో ఏమైంది? "కొత్త మోడల్ మీద టెక్నీషియన్ల అభిప్రాయం చెప్పండి" అని మేనేజరు కూర్చోబెట్టి అడిగితే, బట్టతలాయన "బ్రహ్మాండం సార్" అన్నాడట. మీసాలాయన "చాలా సులువు సార్" అన్నాడట. కోతీ లేదు, కొబ్బరికాయా లేదు! మీరేమో నేల చూపులు చూశారట. మీసాలాయన భార్యే చెప్పింది లెండి. ఇంట్లో పులి, వీధిలో పిల్లి.

నన్నడిగితే చెప్పేదాన్ని. మిషన్ చెడ్డదేం కాదు. ఇన్నేళ్ళూ మీరు చేసిందాంట్లో సగం, పెట్టెలోంచి తీసి పెట్టెలో పెట్టడమే. ఊరికే గొప్పలెందుకు? కాకపోతే ఆ పని మీరు చేస్తే దానికి జీతం. మా ఆఫీసులో మేం చేస్తే "సౌకర్యం" అట! నా టేబుల్ మీద ఒక్క ఫైలైనా తగ్గించారా? లేదే! "మేడం, ఇకనుంచి మీరు ఎవరికోసం ఎదురుచూడక్కర్లేదు" అంటాడు టై కట్టుకున్న మీ కంపెనీ సేల్సాయన. రేపు లిఫ్టు ఆగిపోతే తాడు కూడా మమ్మల్నే లాక్కోమంటాడు కాబోలు!

సరే. అసలు సంగతికొస్తున్నా. లేవకండి. కూర్చోండి. మా ఆఫీసులో ఆ రోజు సంగతే.

కొత్త మిషన్ ఎలా వాడాలో చూపిస్తారని తెలుసు. మీరొస్తారని తెలీదు. మావైపు ఎప్పుడూ వచ్చేది బట్టతలాయన కదా, ఆయనే అనుకున్నా. తీరా చూస్తే సేల్సాయన, మీ మేనేజరు, వెనక గోడ పక్కన బ్యాగు పట్టుకుని మీరు. మీరు నా మొగుడని మావాళ్ళకీ తెలీదు, మీ మేనేజరుకీ తెలీదు. "ఎవర్నైనా పిలవండి సార్, ఎవర్నైనా!" అన్నాడు సేల్సాయన, గారడీవాడిలా చెయ్యి తిప్పుతూ. మా మేనేజరు వేలు నామీదికొచ్చింది. దగ్గర్లో ఉన్నాను గనక. అంతకుమించి ఏం లేదు.

లేచాను. డ్రమ్ముకున్న నల్లకవరు విప్పేముందు ఏం చేశాను? వెళ్ళి కిటికీ తెర దించాను. ఎవరూ చెప్పలేదు నాకు. వెలుతురు తగిలితే అది పాడవుతుందని ఆ సేల్సాయనకే తెలీదు. తన కళ్ళల్లో ఎండ పడుతోందని దించాననుకుని "థాంక్యూ మేడం" అన్నాడు!

ఎందుకు దించానో ఆ గదిలో అర్థమైంది మీ ఒక్కరికే. మీరు తల తిప్పుకున్నారు.

కొత్తదాన్ని రెండంచులూ పట్టుకుని తీశాను. ఆ నిగనిగలాడే ఒంటికి వేలు తగలనివ్వలేదు. టోనర్ డబ్బాని అటూ ఇటూ ఊపి, దాని మూతికి అంటించిన పట్టీని తిన్నగా లాగాను, తెగకుండా. వేడిగా కాలే వైపు చెయ్యి పోనివ్వలేదు. నేల మీద చిటికెడు పొడి రాలలేదు. ఇదంతా నాకెవరు నేర్పారండీ? కంచం ముందు కూర్చుని మీరు చెప్పిన సోదే కదా! వాడెవడో ఇలా విరిచాడు, ఆవిడెవరో అలా గీకింది అని. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో ఒక్కనాడు చెప్పలేదు గానీ, డ్రమ్మునెలా పట్టుకోవాలో చెప్పని రోజు లేదు.

చప్పట్లు కొట్టారు. "చూశారా సార్! మిషన్ వాసనే తెలియని సామాన్య మహిళ!" అన్నాడు సేల్సాయన. వాసన తెలియదట! మనింట్లో దిండ్లకి కూడా అదే వాసన.

అప్పుడు మీ మేనేజరు మీవైపు చూసిన చూపు నేనూ చూశాను. ఇంక వీళ్ళందరికీ జీతాలెందుకు అన్న చూపు.

ఒక్క మాటంటే సరిపోయేది. "అయ్యా, ఆ గోడ దగ్గర నిలబడ్డాయన మా ఆయన. ఎవర్నైనా అంటే నేను లెక్కలోకి రాను" అని. ఆట అక్కడికక్కడే ఆగేది. ఇంకొకర్ని పిలిచేవాళ్ళు. మా క్యాషియర్ని పిలిచినా చాలు, ఉమ్ము తడి చేసి మరీ తుడిచేవాడు డ్రమ్ముని.

అనలేదు.

ఎందుకని? అడగండి, నోరు తెరిచి అడగండి. అడగరు. నేనే చెప్తా. ఆ కుర్చీలో కూర్చుని జుట్టు నెరిసింది నాకు. నేను చేసిన పనికి ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు. బావుంది. బావుందండీ! మిమ్మల్ని ముంచుతున్నానని తెలుస్తూనే ఉంది. అయినా బావుంది. కావాలంటే తిట్టండి.

మరి మీరెందుకనలేదు? "సార్, ఆవిడ నా భార్య" అనడానికి మీకేం అడ్డొచ్చింది? నేను చెప్పనా? తప్పు చేస్తానని కాచుకున్నారు. అవునా కాదా? డ్రమ్ము చెడగొట్టి నలుగురిలో నవ్వులపాలైతే, అప్పుడు తమరు బ్యాగు తెరుచుకుని ముందుకొద్దామని! నా పెళ్ళానికి పని వచ్చిందే అన్న గర్వం మీ మొహంలో వీసమెత్తైనా ఉంటుందేమోనని వెతికాను. ఎందుకుంటుంది!

సరే, దొందూ దొందే. మీరు నన్ననక్కర్లేదు, నేను మిమ్మల్ననక్కర్లేదు.

ఇంతా చేసి నాకేం ఒరిగింది? "మీకు బాగా వచ్చుగా మేడం" అని పై అంతస్తు మిషన్ కూడా నాకే అంటగట్టారు. బట్టతలాయన్నీ మీసాలాయన్నీ తీసేశారు. మీకు పాత మనిషని ఆ ఫోను సీటు. మూత ఎటు తిప్పాలి, మీట ఎక్కడుంది అని రోజంతా జనానికి చెప్పడం. అవమానమేనండీ. కాదని ఎవరన్నారు? చేతుల్తో బతికినవాణ్ణి నోటితో బతకమంటున్నారు. అదీ మీలాంటి నోటితో! కానీ మానేసి మాత్రం ఏం చేస్తారు? పొద్దస్తమానం ఇంట్లో ఆ బ్యాగు తుడుచుకుంటూ కూర్చుంటే నేను భరించలేను. ముందే చెప్తున్నా.

వెళ్తారు లెండి. నాకు తెలుసు. గొణుక్కుంటూ వెళ్తారు.

పై అంతస్తు మిషన్ ఇవాళ ఎర్రలైటు వెలిగించుకుని మొరాయించింది. తెరిచి మూశాను, ఆపి మళ్ళీ వేశాను, ఊహూ. దీని సంగతి కంచం ముందు మీరెప్పుడూ చెప్పలేదు. ఎలాగూ మీ కంపెనీకి ఫోను చెయ్యాలి. మీరే ఎత్తుతారు. ఇంట్లోలాగా ఊరుకుంటానంటే అక్కడ కుదరదు, మాటలన్నీ రికార్డవుతాయట. ఇన్నేళ్ళూ "ఏమే", "ఒసేయ్" తప్ప ఎరగని మనిషి, "నమస్కారం మేడం, చెప్పండి మేడం, ముందు తలుపు తెరవండి మేడం" అనాలి.

నేనేమో కుర్చీలో వెనక్కి వాలి, తీరుబడిగా వింటాను. అంతా అర్థమైనా సరే, "సరిగ్గా వినబడలేదు, మళ్ళీ మొదట్నుంచి చెప్పండి" అంటాను.