బీరువాలో చివరి అధ్యాయం

స్టాఫ్ రూములో తాళం ఊడిన బీరువా ముందు హెడ్మిస్ట్రెస్, కొత్త ఇంగ్లీషు మాస్టారు నిలబడి ఉన్నారు.

“తాళం పగలగొట్టారంటే పరీక్ష పేపర్లు పోయినట్టేగా మాస్టారూ! నా కొంప మునిగింది.”

“పేపర్లు పోలేదు మేడమ్. పోయింది నేను క్లాసులో చదువుతున్న ఇంగ్లీషు కథలో చివరి అధ్యాయం.”

“అది బీరువాలో ఎందుకుంది?”

“పుస్తకంలోంచి నేనే విప్పి దాచానండీ, ముందే చదివేస్తే క్లాసులో వినరని. నిన్న ఓడ మునిగే చోట ఆపి, మిగతాది సోమవారం అన్నాను.”

“ఓడ ముంచేసి సోమవారం దాకా ఆగమంటే ఎవరాగుతారండీ? అయినా పాఠంలో ఒక్క పేజీ చదవమంటే కడుపునొప్పి అనే పిల్లలు, దీనికోసం తాళం పగలగొట్టారా!”

“డిక్షనరీ కూడా పట్టుకుపోయారండీ.”

“మరి పరీక్ష పేపర్లు?”

“పక్కనే ఉన్నాయి. సీలు చెక్కుచెదరలేదు.”

“సరిగ్గా చూశారా?”

“చూశానండీ. అడ్డం వచ్చాయని పక్కకి జరిపి, మళ్ళీ చక్కగా సర్దిపెట్టారు.”

“ఇంగ్లీషు పేపరు కూడానా?”

“అదీ అంతే. మీకు సంతోషమేగా మేడమ్?”

“ఏం సంతోషం! నెల్లాళ్ళు కూర్చుని ఆ పేపరు నేనే తయారుచేశాను. ఒక్క వెధవకైనా విప్పి చూడాలనిపించలేదా?”