మీ ముంగిట్లో నా పేరు

హలో, ఓర్విల్ బాబాయ్… ఆ, నేనే. లొరేన్‌ని.

…రాజధాని నుంచే. మేవిస్ పిన్ని ఎలా ఉంది?

…మంత్రిగారూ అనకండి. మీ నోట వింటే తిట్టినట్టుంది.

…తిట్టారా. ఇన్నాళ్ళూ ఫోన్ చెయ్యనందుకా? సరే, పడతాను.

ఎల్లుండి రేడియోలో వస్తుంది. ముందు మీకు నేనే చెప్పాలని… మన ఊరి ఆసుపత్రిలో రాత్రిపూట ఎమర్జెన్సీ ఉండదిక. చీకటిపడితే తాళమే.

…ఎందుకా? నర్సులు దొరకడం లేదు. కెనడా అంతా ఇదే గోల—

…అవును. ఆరోగ్యమంత్రిగా సంతకం నాదే.

…ఎలా మరిచిపోతాను? స్కూలు బస్సు నడుపుకునేదాన్ని. మేయరుగా మీరే కౌన్సిల్లోకి లాక్కొచ్చారు. చర్చి కింద గదిలో బంగాళదుంప కూరిన పెరోగీలు వత్తి వత్తి అమ్మాం, ఆ ఎమర్జెన్సీ కోసం. పిన్ని చేతులు వాచిపోయాయి.

…మీ గుండె ఆగిన రాత్రి బతికించిందీ అదే. తెలుసు.

…పక్క ఊరికి గంట పైనే. మంచు తుఫానైతే దారే కనపడదు. తెలుసు బాబాయ్.

…ఏరు దాటి తెప్ప తగలేశానా. అనండి. నాకూ సిగ్గుగానే ఉంది.

ఒక్క మాట. మీ ముంగిట్లో నా ఎన్నికల బోర్డు ఇంకా ఉందటగా? తీసెయ్యండి. దారిన పోయేవాళ్ళంతా మిమ్మల్నే అంటారు.

…రాదా?

…ఔను, నేల గడ్డకట్టేసుంటుంది. వసంతం దాకా అంతేనా?

…దుప్పటైనా కప్పండి.

…పాతింది మీరే, మాటలు పడేదీ మీరేనా. మీరెందుకు పడాలి?

…నేనొచ్చి చెప్పాలా? కర్లింగ్ ఆటల హాల్లోనా? ఊరందరి ముందా? …రేడియోకి రాసిచ్చేశాను, ఇంక నేనెందుకు—

…నిజమే. చెత్త పన్ను పెంచినా ఇంటింటికీ వెళ్ళి చెప్పేదాన్ని. తలుపులు మొహాన వేసినా చెప్పేదాన్ని. మీరే నేర్పారు.

…వస్తాను. రేపు సాయంత్రం. హాల్లో నిలబడి నేనే చెబుతాను.

ఈలోపు ఆ బోర్డు మాత్రం… గునపంతో నాలుగు పోట్లు పొడిస్తే—

…ఏం? గునపం ఎందుకు పట్టరు?

…ఔను. గుండె పట్టుకుంటే… రాత్రి ఎక్కడికి పోతారు.

వద్దు. మీరు ముట్టుకోకండి. నేనే వచ్చి పీక్కుంటాను, అందరూ చూస్తుండగానే.

…తలుపు తీస్తారా?

…బాబాయ్? తీస్తారా?

…హలో? పెట్టేశారా?