ఆరు సెంట్ల ఖాళీ జాగా

ఆత్మకూరులో ప్లాట్ల అర్జీలు తీసుకునే ఆఫీసు. బల్లకు అవతల గుమాస్తా ధనుంజయ, ఇవతల ఉదయగిరి నుంచి బస్సులో వచ్చిన లిదియమ్మ.

“మళ్ళా చెప్తుండా పెద్దమ్మా, నీకు మా ఆఫీసుతో పనే లేదు. అరవై సెంట్లు నీ పేరు మీదే ఉండాది. ఇద్దురు కొడుకులు. రిజిస్ట్రారాఫీసుకు పొయ్యి చెరి ముప్పై రాయించు, అయిపోయె.”

“అట్ట రాయిస్తే తూర్పు మూల ఎవురికి పోతాది సారూ?”

“ఎవురి భాగంలో పడితే వాళ్ళకి.”

“ఎవురికి పడినా అమ్మేస్తారు. మా పెద్దోడు డేవిడ్‌రాజు బేరం గూడా కుదుర్చుకున్నాడు. అందుకే ప్లాట్లు వేసి ఇమ్మని అర్జీ తెచ్చినా.”

“ప్లాట్లేస్తే పదింట ఒక వంతు ఖాళీ జాగా వదిలి పంచాయతీకి రాసియ్యాల. ఆరు సెంట్లు పోతాది నీకు.”

“పోనీ.”

“పోనీ అంటావేంది? అందురూ దాన్ని తప్పించుకోను తిరగతా ఉంటే.”

“పంచాయతీకి రాసిస్తే ఇంక నా కొడుకులు అమ్మలేరు గదా?”

“నీ కొడుకులే కాదు, సర్పంచి గూడా అమ్మలేడు.”

“అమ్మలేడా, అమ్మగూడదా?”

“అమ్మగూడదు. ఆ పైన నన్నడగబాక.”

“చాల్లే. తూర్పు మూల ఆరు సెంట్లు, రాసుకో.”

“రోడ్డు పక్కన ఇయ్యరాదా? ఆ మూలే దేనికి?”

“ఆ మూలే.”

“దానికి దారి ఉండాల.”

“ఉండాది. నేను నడిచి నడిచి పడిందే.”

“రోజూ పోతావా ఆడికి?”

“పొద్దున్నే.”

“ఏం పని?”

“ఏం లేదు. పోయొస్తా.”

“సరే, కాయితంలో ఏమని రాయాల? పార్కా, ఆటస్థలమా?”

“ఆటస్థలం. పిల్లోళ్ళు అల్లరి చేస్తే ఆయనకి ఇష్టం.”

“ఎవురికి?”

“ఎవురికీ లేదు. రాసుకో.”

“చూడు పెద్దమ్మా, పన్నెండేళ్ళ నించి ఈ కుర్చీలో ఉండా. మంచి జాగా ఎవురూ ఇయ్యరు. మొన్న ఒకాయన హైటెన్షన్ లైను కింద పార్కు చూపించినాడు. పిల్లోళ్ళు వంగి ఆడుకుంటారంట. ఇంకొకాయన పాడుబడిన బావి చూపించి, ఈతకు పనికొస్తాదన్నాడు. నీ మూలలో ఏముండాది, నిజం చెప్పు.”

“ఏమీ లేదు.”

“బావి?”

“లేదు.”

“బండ?”

“లేదు సారూ. మెత్తటి నేల.”

“ఉదయగిరి కాడ మెత్తటి నేలా? ఆ పక్కంతా రాయే గదా?”

“ఒకసారి తవ్వినారులే.”

“బోరుకా?”

“బోరుకు కాదు.”

“ఎంత లోతు?”

“ఆరడుగులు.”

“… మీ పెద్దాయన పొయ్యి ఎన్నాళ్ళయింది?”

“వచ్చే నెలకి రెండేళ్ళు.”

“మీ చర్చోళ్ళకి సమాధుల తోట ఉండాది గదా?”

“ఉండాది. ఆయన వద్దన్నాడు. ముప్పై ఏళ్ళు బడి, రిటైరైనాక ఆ చేను. ఇంకో లోకం తెలీదు మనిషికి. చేన్లోనే పెట్టమన్నాడు, పెట్టినాం.”

“మరి నీ కొడుకులేమంటారు?”

“సమాధి ఉంటే కొననన్నాడంట కొనేటాయన. నాయన్ని తీసి సమాధుల తోటలో పెడదామంటాడు పెద్దోడు. చిన్నోడు తల ఊపినాడు. ఆయన్ని కదిలిస్తే నేను తట్టుకోలేను సారూ.”

“నాకర్థమయింది పెద్దమ్మా. కానీ కుదరదు. ఆ జాగాలో కట్టడం లేదు, సమాధి లేదు అని నేను పొయ్యి కళ్ళారా చూసి సంతకం పెట్టాల. ఉన్నదాన్ని లేదని ఎట్ట రాసేది? రేపు ఎవురన్నా చూస్తే నా ఉద్యోగం పోతాది.”

“వచ్చి చూడు.”

“చూస్తే ఏముంటాది? సమాధే ఉంటాది. పేరు చెక్కిన పలక…”

“పలక లేదు. సిమెంటు గూడా చేపించలేదు. మట్టి దిబ్బ, దాని మీద కొయ్య సిలువ. అంతే.”

“అదే నేను చెప్పేది. సిలువ కనపడతాది గదా?”

“కనపడదు నాయనా. నిన్న నేనే పీకి నా మంచం కింద పెట్టుకున్నా. దిబ్బ గూడా పారతో చదును చేసినా. ఇప్పుడాడ ఏమీ లేదు. ఖాళీ జాగా అని రాసుకో.”