కళ్ళజోడు డబ్బాలో మాత్రలు

"అంకుల్, నాన్నకి వచ్చే వారం సర్జరీ. మీకప్పుడు ఎలా ఉండింది?"

కూర్చో కిరణ్, కూర్చో. అడిగేవాళ్ళు లేకే గదా నా నోరు ఎండిపోతోంది. కాఫీ నువ్వే కలుపుకో, నన్నింకా బరువులెత్తొద్దన్నారు, పాల క్యాన్ కూడా బరువేనంట.

నాకు పెద్దపేగులో గడ్డ. క్యాన్సరే, దాచేదేముంది. జానెడు పేగు కోసి తీసేశారు. అది కాదు అసలు సంగతి. రెండో రోజు, కాదు కాదు, మూడో రోజు, మావాడూ కోడలు పద్మా తలుపు దగ్గర ఒకావిడతో గుసగుసలు. నాకు వినపడిన మాట ఒక్కటే, రీహాబ్. ఈ అమెరికాలో, మన కమ్మింగ్ ఊళ్ళోనే, ఇంటికి పంపే ముందు ముసలాళ్ళని రెండు వారాలు అక్కడ పెట్టి నడిపిస్తారంట. నాకేమో వృద్ధాశ్రమానికి అది ముద్దుపేరు అనిపించింది. రెండు వారాలని తీసుకెళ్తారు, ఆ తర్వాత ఎవరడగొచ్చారు?

ఇక చూస్కో, అందరి మీదా ఒక కన్నేశాను. నర్సు మాటిమాటికీ వచ్చి, నొప్పి పదికి ఎంత అంటుంది. ఎందుకు అడుగుతుంది చెప్పు? ఎక్కువ చెబితే ఇంటికి పనికిరాడని రాసుకోడానికి, అవునా? నేను రెండే అనేవాణ్ణి. కడుపులో కొడవలి తిప్పుతున్నట్టుండేది, అయినా రెండే. ఐప్యాడ్‌లో ఒకమ్మాయి వచ్చి నా మాటలు ఇంగ్లీషులో చెప్పేది. ఏ ఊరమ్మా మీది అంటే చెప్పదు. తెలుగుపిల్ల ఊరు చెప్పకపోతే నమ్మేదెట్లా?

నొప్పి మాత్రలొకటి. వేసుకుంటే మత్తు. ఆ మత్తులో రీహాబ్ కాయితం మీద సంతకం పెట్టించుకుంటారని నా అనుమానం. బుగ్గన పెట్టుకుని, నర్సు అటు తిరగ్గానే కళ్ళజోడు డబ్బాలోకి. మా నాయన కాలంలో పెద్దాసుపత్రి కాంపౌండరు గులాబీ రంగు నీళ్ళు పోసేవాడు, సీసా మనదే, చేతిలో రెండణాల బేడ పెడితే రంగు చిక్కబడేది. ఆసుపత్రంటే అనుమానం అప్పటిది, నా తప్పేం లేదు.

నొప్పికి దగ్గలేను, ఊపిరి నిండా పీల్చలేను, మంచం దిగలేను. ఛాతీలో నిమ్ము చేరింది, ఐదో రోజుకి జ్వరం. నొప్పి రెండే ఉన్న మనిషి ఎందుకు నడవడని డాక్టరు తల పట్టుకున్నాడంట.

ఆ సాయంత్రం పద్మ నా కళ్ళజోడు తుడుద్దామని డబ్బా తెరిచింది. తొమ్మిది మాత్రలు. అరుస్తుందనుకున్నా. అరవలేదు, నా దగ్గర మొత్తం విని మంచం అంచున కూర్చుంది.

"మామయ్య గారూ, రీహాబ్‌లో నాక్కూడా ఒక కుర్చీ అడిగాను. ల్యాప్‌టాప్ అక్కడికే తెచ్చుకుంటా. ఇప్పుడు చెప్పండి, నొప్పి ఎంత?"

"ఎనిమిదమ్మా" అన్నాను.

మాత్ర మింగాను, తను చూస్తుండగా. దిండు పొట్టకి అదుముకుని దగ్గమన్నారు, దగ్గాను. మర్నాడు కారిడార్ చివరిదాకా నడిచాను. రీహాబ్‌కీ వెళ్ళాను, పన్నెండు రోజులు. పద్మ మీటింగులన్నీ నా మంచం పక్కనే. అయినా పొద్దున లేస్తూనే నా బూట్లు అక్కడే ఉన్నాయా అని చూసుకునేవాణ్ణి, ఎవరి జాగ్రత్త వాళ్ళది.

మీ నాన్నా నాలాంటివాడే కిరణ్, రెండు అంటే నమ్మకు. ఎక్కడికి పంపుతారో ముందే చెప్పు, నువ్వెక్కడ కూర్చుంటావో కూడా చెప్పు. చల్లగా ఉండండి నాయనా, ఇద్దరూ. ఆ... ఆయన కళ్ళజోడు డబ్బా మాత్రం రోజూ ఓసారి నువ్వే తుడువు...