బొగ్గుల మీద మూడు ఉత్తరాలు

కాదయ్యగారూ, నిజం చెబుతానంటే వద్దనే లాయర్ని ఎక్కడైనా చూశారా మీరు? నేను చూశాను, ఇవాళే. రెండు బస్సులు మారి వెళ్ళాను. కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది, అంతా బానే ఉంది. "ఆ ఉత్తరాలు తగలబెట్టింది నేనమ్మా, నా కొడుక్కేం తెలీదు, రాసుకో" అన్నాను. రాసుకోదే! పెన్ను తీసి బల్ల మీద పెట్టేసింది.

ఆగండి, ముందు ఆ కారు పంపించండి. నేనెక్కడికీ పోను.

మిమ్మల్ని ఈ గాజు డబ్బాలో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు నాకు. ఆదివారం చర్చిలో తెల్ల తలపాగాతో నించుంటే ఎంత మనిషి! బుధవారం వచ్చేసరికి ఈ ఆసుపత్రి పార్కింగులో, మోకాళ్ళు గెడ్డానికి తగిలేలా ముడుచుకుని, వచ్చేపోయే కార్లకి గేటెత్తుతూ. ఏం చేస్తాం, ఈ సియాటిల్ కి వచ్చాక మనందరి బతుకూ ఇంతే. నేను మాత్రం, హోటల్లో పక్క దుప్పట్లు ఉతకడానికా పుట్టాను?

ఇదిగో, ఇంజెరా రొట్టె తెచ్చాను. ఉపవాసమని తెలుసు, పప్పుపిండి కూరే వండాను, వెన్న చుక్క వెయ్యలేదు. మూడు దాటాక తినండి. లేదు లేదు, తినిపించి పని చేయించుకుందామని కాదు. సరే, అందుకే అనుకోండి. నాకు మీరు తప్ప ఎవరున్నారు?

మీకు తెలిసింది సగమే. మా చిన్నాడు మెర్హావికి పౌరసత్వం ఆగిపోయిందని తెలుసు కదా, ఎందుకాగిందో తెలుసా? ఈ దేశంలో మగపిల్లాడు పద్దెనిమిది నిండాక, ఇరవయ్యారు నిండేలోపు, సైన్యం వాళ్ళ దగ్గర పేరు రాయించుకోవాలట. ఊరికే పేరే. యాభై ఏళ్ళుగా ఎవర్నీ పిలవలేదట. కానీ రాయించుకోకపోతే, రేపు పౌరసత్వానికి వెళ్ళినప్పుడు అడుగుతారు. తెలియక మానేశావా, తెలిసి మానేశావా అని. తెలియకపోతే పర్లేదు. తెలిసి మానేస్తే మంచి నడవడి లేనట్టు లెక్క.

వాడికిప్పుడు ఇరవయ్యెనిమిది. రాయించుకునే వయసు దాటిపోయింది.

ఉత్తరాలు వచ్చాయండీ. రాకపోలేదు. మూడొచ్చాయి. వాడు బడికెళ్ళేవాడు, కింద ఇత్తడి పెట్టెలోంచి ఉత్తరాలు తెచ్చేది నేను. మొదటిది వచ్చిన రోజు నాకింకా గుర్తే. వాడి పేరు, పైన గద్ద బొమ్మ ముద్ర. నాకు ఇంగ్లీషు రాదు కానీ ముద్రలు చదవడం వచ్చు. పక్కింటి హైమనోత్ కూతురు చేత చదివించాను. "ఆంటీ, అన్న సైన్యం లిస్టులో పేరు రాయాలంట" అంది ఆ పిల్ల, చూయింగ్ గమ్ నములుతూ.

సైన్యం లిస్టు! ఏ మాట వినకూడదని నా బిడ్డని చెయ్యి పట్టుకుని సరిహద్దు దాటించానో, ఏ మాట కోసం మూడేళ్ళు శరణార్థి శిబిరంలో రేకుల కింద మాడిపోయానో, ఆ మాట సియాటిల్ లో నా ఇంటి మెట్లెక్కి వచ్చిందండీ.

ఏం చేశానా? కాఫీ గింజలు వేయించడానికి బాల్కనీలో బొగ్గులు రాజేసి ఉన్నాయి. పడేశాను. తర్వాత కాఫీ కాచుకుని తాగాను. రెండోదీ అంతే, మూడోదీ అంతే. వాడితో ఒక్క ముక్క చెప్పలేదు. హైమనోత్ కూతురితో కూడా "పాతదమ్మా, పొరపాటున వచ్చింది" అన్నాను.

చూడండి, అలా చూడకండి. పాపమని నాకూ తెలుసు. ఆ పాపం నాది కదా, వాడిది కాదు కదా? అదే కదా నేను మొత్తుకునేది!

ఇంటర్వ్యూకి వాడు కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాడు. మీరిచ్చిన ఉత్తరం కూడా పట్టుకెళ్ళాడు, ఈ అబ్బాయి అబద్ధమాడడు అని రాశారే, అది. ప్రమాణం చేయించారు. ఆ ఆఫీసరమ్మ మంచిదేనట. "పేరెందుకు రాయించుకోలేదు?" అంది. "నాకు తెలీదు మేడమ్" అన్నాడు. నిజమే చెప్పాడు! అక్కడితో ఆగితే అయిపోయేది. ఆవిడ కాగితం తిప్పి చూసి, "మీ ఇంటికి మూడుసార్లు ఉత్తరం పంపామని ఉంది. ఆ ఉత్తరాలు ఎవరు తీసుకునేవారు? ఆ ఇంట్లో ఇంకెవరు ఉంటారు?" అనడిగింది.

ఇంట్లో ఎవరుంటారు అని అడిగిందండీ. అంతే అడిగింది.

మీరూ మన దేశం వాళ్ళే. ఎరిత్రియాలో పుట్టినవాడికి ఆ ప్రశ్న ఎలా వినిపిస్తుందో మీకు వేరే చెప్పాలా? కొడుకు సైన్యం నుంచి పారిపోతే తలుపు కొట్టి అడిగేది అదే కదా. ఇంట్లో ఎవరున్నారు? ఎవరుంటే వాళ్ళు బండెక్కాలి. ఎక్కువగా తల్లే ఉండేది.

మా పెద్దాడు పారిపోయాడని నన్ను తీసుకెళ్ళిన రోజు వీడికి పదేళ్ళు. వాడి చేతిలో తిరగలి పిడి ఉంది, నాతో పాటు పిండి విసురుతున్నాడు. నేను బండెక్కుతుంటే "అమ్మా, ఈ పిండి ఏం చెయ్యను?" అనడిగాడు.

అదే పదేళ్ళ పిల్లాడు లేచాడండీ ఆ ఆఫీసులో. ఇరవయ్యెనిమిదేళ్ళ మగాడు, ఎయిర్ పోర్టు బస్సు నడిపేవాడు. "నేనే. నేనే తీసుకున్నాను. చదివాను. తెలిసే పేరు రాయించుకోలేదు. మా అమ్మకేం తెలీదు" అన్నాడు. ఆవిడ పెన్ను ఆపి, "ఖాయంగానా?" అని మళ్ళీ అడిగిందట. "ఖాయం" అన్నాడట.

నన్ను బండెక్కిస్తారనుకున్నాడు! ఈ దేశంలో! అలా చెయ్యరని వాడికి తెలియదా? తెలుసు. నాకంటే బాగా తెలుసు. సాయంత్రం ఇంటికొచ్చి మెట్ల మీదే కూలబడి, "అమ్మా, మూడు ఉత్తరాలొచ్చాయట కదా" అన్నాడు. నా మొహం చూసి ఇంకేం అడగలేదు. "నోరు దానంతటదే అనేసిందమ్మా" అన్నాడు.

పంపించండి, ఆ ఎర్ర కారు. హారన్ కొడుతున్నాడు. కొట్టనీ. ఆసుపత్రి నుంచి ఇంటికేగా పోయేది, ఏం తొందర!

తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. దాన్ని తగలబెట్టలేదు లెండి. తెలియకే మానేశానని రుజువులేమైనా ఉంటే ముప్పై రోజుల్లో పంపమన్నారు. ఇవాళ్టికి తొమ్మిది మిగిలాయి.

అందుకే వెళ్ళాను లాయరమ్మ దగ్గరికి, వాడికి చెప్పకుండా. ఫోనులో ఎవరో మనమ్మాయి, అస్మరా యాస, నా మాటలు ఇంగ్లీషులో చెబుతోంది. నేను ఏడిస్తే అదీ ఆగిపోయేది పాపం. లాయరమ్మ ఏమందంటే, "మీ అబ్బాయి ప్రమాణం చేసి తెలుసన్నాడు. ఇప్పుడు మీరొచ్చి అతనికి తెలీదంటే, ప్రమాణం చేసి అబద్ధమాడాడన్నట్టు. అది ఇంకా పెద్ద తప్పు. భయంతో అలా అనేశాను, జరిగింది ఇదీ అని అతనే రాసి సంతకం పెట్టాలి. అప్పుడు మీ మాట దానికి తోడవుతుంది. ఒక దారి దొరకొచ్చు. అతను పెట్టకుండా మీ కాగితం ఒక్కటే పంపితే అతన్నే ముంచుతుంది."

చూశారా? నా నిజానికి వాడి సంతకం కావాలట!

వాడు పెట్టడండీ. దారి తెలిసి ఏం లాభం? ఆ ఉత్తరం వచ్చిన రోజే అడిగానుగా, జరిగింది జరిగినట్టు రాసివ్వరా అని. కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి గెంతాడు. "నీ పేరు ఆ కాగితంలోకి రాదమ్మా. నేను బతికుండగా రాదు" అంటాడు.

పోనీ ఆగుదామా అంటే, వాడికి ముప్పయ్యొకటి నిండితే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చట. మూడేళ్ళు! మూడేళ్ళు విన్తా ఆగుతుందా? కంపాలాలో ఒక్క గదిలో పిల్లతో కూర్చుంది నా కోడలు. గ్రీన్ కార్డు మీద వేసిన దరఖాస్తు ఏ వరసలో ఉందో ఎవడూ చెప్పడు. వీడు పౌరుడైతే దారి తొందరగా తెరుచుకుంటుందని కదా ఆశ పెట్టుకుంది. మనవరాలు హెర్మెలాకి రెండేళ్ళు నిండాయి. ఫోనులో వీడు కనిపిస్తే ఫోను వెనక్కి తిప్పి చూస్తుంది, నాన్న వెనకాల ఉన్నాడేమోనని.

మొన్న విన్తా ఏమందో తెలుసా? వాడితో కాదు, నాతో అంది. "అత్తయ్యా, ఇంక నా వల్ల కాదు. మా వీధిలో ఇద్దరు ఆడాళ్ళు లిబియా మీదుగా పోతున్నారు. పాపని వీపున కట్టుకుని నేనూ పోతా." ఆ ఎడారి, ఆ పడవలు! ఎన్ని పేర్లకి మీరు ప్రార్థన చదవలేదు మన చర్చిలో? ఆ పేర్లలో హెర్మెలా పేరు మీరు చదువుతారా? చదవగలరా?

అందుకే వచ్చాను. మీరు వాడి ఆత్మ తండ్రి. మీరు చెబితే వింటాడు. సంతకం పెట్టమని చెప్పండి.

ఏంటీ? వాడు మీ దగ్గర చెప్పుకున్నాడా, నిజం రాసిమ్మని మీరూ చెప్పారా? ఎప్పుడు? ఆదివారమా?

ఏమన్నాడు?

ఓహో. మీతో కూడా అదే అన్నాడా. "అన్న చేసిందే నేను చేశాను" అని.

అదే అంటాడండీ వాడు. ఇంక దాని మీద మాట లేదు. గోడ మీద వాళ్ళన్న తెస్ఫల్దెత్ ఫోటో, దాని కింద కూర్చుని అంటాడు. మా పెద్దాడి కథ మీరూ విన్నారుగా, మన వాళ్ళలో వినని వాళ్ళెవరు? సైన్యం నుంచి పారిపోయి సుడాన్ చేరాడు. కసలాలో రొట్టెల బట్టీలో పని దొరికింది. హాయిగా ఉన్నాడు. తల్లిని పట్టుకుపోయారని తెలిసి, ఎవరూ పిలవకుండా, తనంతట తనే నడుచుకుంటూ వచ్చి లొంగిపోయాడు. నన్ను వదిలేశారు. వాడు మళ్ళీ కనిపించలేదు. పద్దెనిమిదేళ్ళయింది. ఉన్నాడని చెప్పేవాడు లేడు, పోయాడని చెప్పేవాడూ లేడు.

ఈ కథే చెప్పి పెంచాను మెర్హావిని. అన్నం పెడుతూ చెప్పాను, జ్వరమొస్తే తల నిమురుతూ చెప్పాను. మీ అన్న లాంటివాడు ఉండడురా అన్నాను. ఇప్పుడు వాడు అన్న లాంటివాణ్ణి నేనూ ఉన్నానంటున్నాడు. ఎలా కాదనను?

నేనే చెప్పాలా? నేను చెబితే వింటాడంటారా?

వింటాడు. ఒక్క మాట చెబితే వింటాడు. ఆ మాట చెబితే వాడి గర్వమంతా కుప్పకూలుతుంది, సంతకం పెట్టేస్తాడు. నాకు తెలుసు. బస్సులో వస్తున్నంత సేపూ ఆ మాట నాలిక మీదే ఉంది.

కారు లేదుగా ఇప్పుడు? ఆ కిటికీ ఇంకొంచెం తియ్యండి. గట్టిగా చెప్పలేను.

పెద్దాడు వాడంతట వాడు రాలేదయ్యగారూ.

నేను పిలిచాను.

ఇనప డబ్బాలో పెట్టారు మమ్మల్ని, ఓడల్లో సామాను పంపుతారే, అలాంటిది. పద్నాలుగు మంది ఆడవాళ్ళం. పగలు గోడ ముట్టుకుంటే కాలేది. మిగతా వాళ్ళంతా ఓర్చుకున్నారు. నా పక్కనున్నామె ఏడాది నుంచీ ఉంది, "నా కొడుకు అవతల బతికున్నాడు, నాకదే చాలు" అనేది. నేను అలా అనలేకపోయాను. నాలుగో నెలలో మా చెల్లెలు లెమ్లెమ్ రొట్టె తెచ్చినప్పుడు దాని చెవిలో చెప్పాను. వాడికి కబురు పెట్టవే, అమ్మకి బాగా జబ్బు చేసింది, ఇవాళో రేపో అన్నట్టుంది, వచ్చెయ్యమను అని.

జబ్బేం లేదండీ. దగ్గు కూడా లేదు. ఊపిరాడలేదు, ఇంటికెళ్ళి ఒంటి మీద నాలుగు చెంబులు పోసుకోవాలనిపించింది, అంతే. చిన్నాడు ఇంట్లో ఒక్కడే ఉన్నాడని కూడా అనుకోలేదు ఆ క్షణాన. నా గురించే అనుకున్నాను.

లెమ్లెమ్ పోయి మూడేళ్ళయింది. ఇంకెవరికీ తెలీదు. మీకే.

తొమ్మిది రోజుల్లో వచ్చేశాడు. రోడ్డంతా నడిచాడేమో, చెప్పుల్లేవు. గేటు దగ్గర నన్ను బయటికి తెస్తున్నారు, వాణ్ణి లోపలికి తీసుకెళ్తున్నారు. ఒక్క నిమిషం ఎదురుపడ్డాం. నేను మామూలుగానే నడుస్తున్నాను, చూశాడుగా. చూసి కూడా, "అమ్మా, ఒంట్లో ఎలా ఉంది?" అనడిగాడు.

"తగ్గిందిరా నాన్నా" అన్నాను.